విమాన ప్రయాణం: దూరమెంత? కాలమెంత?

నల్లగండ్లలో ఏదైనా ఇంటి డాబా మీద నిలబడి ఉత్తరం వైపు చూడండి. దాదాపు ఆ దిక్కునే, కనుచూపు మేరకు ఎంతో ఆవల, ఢిల్లీ నగరం ఉంది. అక్కడికి విమానంలో వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?

"ఇందులో కష్టమేముంది? దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది" అని మీరు వెంటనే అంటారు. సూత్రం సరైనదే. కాని అందులో ఏ దూరం వేయాలి? ఏ వేగం వేయాలి? కాలాన్ని ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లెక్కపెట్టాలి? ఈ మూడూ తెలియకపోతే సూత్రం కంఠస్థంగా వచ్చినా లెక్క తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ తప్పు మనిషి ప్రాణం మీదికి కూడా వస్తుంది. అదెలాగో చివర చూద్దాం. ముందు ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు వెతుకుదాం రండి.

ఏ దూరం?

హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలు మార్గం పొడవు 1,650 కిలోమీటర్ల పైచిలుకే. రైలుబండి నాగపూరు, భోపాలు, ఝాన్సీ వంటి ఊళ్ళను కలుపుకుంటూ, కొండలను తప్పించుకుంటూ పోవాలి. విమానానికి ఆ బాధ లేదు. అది తిన్నగా పోగలదు. మరి ఆ తిన్నని దూరాన్ని ఎలా కనుక్కోవాలి? ఆకాశంలో టేపు పట్టి కొలవలేం కదా!

కొలవనక్కర లేదు. మీ అట్లాసు చాలు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. ఇంత చక్కని సంఖ్య ఎలా వచ్చిందని మీకు ఆశ్చర్యం కలిగిందా? 1790లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మీటరును నిర్ణయించినప్పుడు, భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువం దాకా ఉండే దూరంలో కోటో వంతును ఒక మీటరు అన్నారు. కోటి మీటర్లంటే 10,000 కిలోమీటర్లు. అది భూమి చుట్టులో పావు భాగం. కనుక మొత్తం చుట్టు 40,000 కిలోమీటర్లు.

చుట్టుకు 360 డిగ్రీలు. 40,000ను 360తో భాగిస్తే 111 వస్తుంది. అంటే ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ జరిగితే సుమారు 111 కిలోమీటర్లు జరిగినట్లు. ఈ 111 అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి. ఈ పాఠానికి ఇదే తాళంచెవి.

ఇప్పుడు రెండు విమానాశ్రయాల స్థానాలు చూడండి.

శంషాబాదు: ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 14 నిమిషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 26 నిమిషాలు.

ఢిల్లీ: ఉత్తర అక్షాంశం 28 డిగ్రీల 34 నిమిషాలు, తూర్పు రేఖాంశం 77 డిగ్రీల 6 నిమిషాలు.

అక్షాంశాల తేడా 11 డిగ్రీల 20 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక 20 నిమిషాలంటే డిగ్రీలో మూడో వంతు. 111ను పదకొండూ ఒకటి బై మూడుతో గుణించండి. 1,258 కిలోమీటర్లు వస్తుంది. ఇది ఉత్తరంగా పోవలసిన దూరం.

ఇక తూర్పు పడమరల సంగతి. రేఖాంశాల తేడా 1 డిగ్రీ 20 నిమిషాలు. దీన్ని కూడా 111తో గుణించవచ్చునా? గుణించకూడదు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరంగా ఉండి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతూ ధ్రువం వద్ద ఒకే బిందువులో కలుస్తాయి. ఒలిచిన బత్తాయి తొనలను చూస్తే ఇది తెలుస్తుంది. అందువల్ల 111ను ఆ అక్షాంశపు కొసైన్ విలువతో గుణించాలి. శంషాబాదుకు, ఢిల్లీకి నడిమి అక్షాంశం సుమారు 23 డిగ్రీలు. దాని కొసైన్ 0.92. కాబట్టి అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 102 కిలోమీటర్లే. ఒకటీ ఒకటి బై మూడు డిగ్రీలకు 136 కిలోమీటర్లు.

ఉత్తరానికి 1,258, పడమటికి 136. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. కర్ణం ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 1,265 కిలోమీటర్లు. అదే శంషాబాదుకు, ఢిల్లీకి మధ్య ఉన్న తిన్నని దూరం. రైలు మార్గం కంటే దాదాపు 400 కిలోమీటర్లు తక్కువ!

మన నేల మీద కొలిచిన గీత

మనం క్షణంలో వాడుకున్న ఈ డిగ్రీ పొడవును మన దేశంలో నేల మీద కొలవడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, నూరడుగుల ఉక్కు గొలుసుతో ఒక ఆధార రేఖను కొలిచాడు. ఆ రేఖ రెండు చివరల నుంచి దూరాన ఉన్న ఒక గుట్టను చూసి కోణాలు కొలిచాడు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో వస్తాయి కదా! అలా వచ్చిన భుజాన్ని తరువాతి త్రిభుజానికి ఆధారం చేసుకుంటూ, త్రిభుజాల గొలుసు అల్లుకుంటూ పోయారు. కోణాలు కొలిచే థియొడొలైటు అరటన్ను బరువు. దాన్ని మనుషులే గుట్టల మీదికి, గోపురాల మీదికి ఎక్కించారు.

ఈ గొలుసులో ముఖ్యమైనది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి సాగిన మహా చాపం. అది మన హైదరాబాదుకు పడమరగా పోయింది. 1815లో బీదరు దగ్గర మరొక ఆధార రేఖను కొలిచి, అంతవరకు చేసిన లెక్కను సరిచూసుకున్నారు. లాంబ్టన్ చివరి ఏళ్ళలో హైదరాబాదులోనే ఉండి పని నడిపించాడు. ఇక్కడి నుంచి నాగపూరుకు పోతూ, 1823 జనవరిలో దారిలో హింగన్‌ఘాట్ వద్ద మరణించాడు. హైదరాబాదులో ఆయన వద్ద సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్టు ఆ పనిని 1841 నాటికి హిమాలయాల పాదాల దాకా తీసుకుపోయాడు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరానికి ఉన్నది ఈయన పేరే.

ఇటువంటి కొలతల వల్లనే భూమి సరిగ్గా గుండ్రంగా లేదని, డిగ్రీ పొడవు భూమధ్యరేఖ దగ్గర 110.6 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లు అని రూఢి అయింది. ఢిల్లీ విమానం ఈనాడు ఇంచుమించు ఆ మహా చాపం పక్కనే ఎగురుతుంది. గొలుసులూ థియొడొలైటూ మోసుకుంటూ మనుషులు దశాబ్దాలు నడిచిన దారి అది.

గ్లోబు మీద దారం

ఢిల్లీ దగ్గరి ఊరు కనుక పైథాగరస్‌తో పని జరిగింది. చాలా దూరపు ఊళ్ళకు అది పనికిరాదు. ఎందుకంటే భూమి బల్లపరుపుగా లేదు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి అమెరికాలోని షికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానాన్ని మొదలుపెట్టింది. కొంతకాలం నడిచాక అది ఆగిపోయింది. కాని దాని దారి మనకు మంచి పాఠం. గోడ మీది ప్రపంచ పటంలో షికాగో మనకు పడమర దిక్కున ఉంటుంది. స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. ఆ గీత వెంబడి ఒకే దిక్కుగా పోతే సుమారు 16,100 కిలోమీటర్లు.

ఇప్పుడు గ్లోబు తీసుకోండి. హైదరాబాదు మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొసను షికాగో మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం పడమటికి పోదు! ఉత్తరానికి ఎక్కి, 79 డిగ్రీల అక్షాంశం దాకా పోయి, స్వాల్‌బార్డ్ దీవులకూ గ్రీన్‌లాండుకూ నడుమ నుంచి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ఈ దారి పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. 2,800 కిలోమీటర్లు ఆదా! గోళం మీద రెండు బిందువుల నడుమ అతి దగ్గరి దారి ఇదే. దీన్ని మహావృత్త మార్గం అంటారు. విమానాలు వీలైనంతవరకు ఈ దారినే పట్టుకుంటాయి. గాలిని బట్టి, దేశాల అనుమతులను బట్టి కొంత పక్కకు జరుగుతుంటాయి.

ఏ వేగం?

ప్రయాణికుల జెట్ విమానం 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. అక్కడ గాలి పలచన. అందువల్ల నిరోధం తక్కువ, ఇంధనం ఆదా. ఆ ఎత్తున దాని వేగం గంటకు సుమారు 830 కిలోమీటర్లు. విమానం నడిపేవారు దీన్ని 450 నాట్లు అంటారు. గంటకు ఒక నాటికల్ మైలు పోతే అది ఒక నాటు. నాటికల్ మైలు అంటే అక్షాంశంలో ఒక నిమిషం పొడవు, అంటే 1.852 కిలోమీటర్లు. శంషాబాదుకు, ఢిల్లీకి అక్షాంశాల తేడా 11 డిగ్రీల 20 నిమిషాలు అన్నాం కదా. దాన్ని నిమిషాల్లోకి మార్చితే 680. అదే 680 నాటికల్ మైళ్ళు! పటం చూస్తూనే దూరం చెప్పగల ఈ సౌకర్యం వల్లనే నావికులూ విమాన చోదకులూ ఈ కొలతను వదలలేదు.

అయితే 830 కిలోమీటర్లు అన్నది గాలితో పోల్చిన వేగం. గాలి ఊరుకుంటుందా? అది కూడా కదులుతుంది. గోదావరిలో పడవ వేసుకొని వాలుకు పోతే ప్రవాహం తోడవుతుంది. ఎదురు పోతే అడ్డుపడుతుంది. విమానానికి గాలే గోదావరి.

శీతాకాలంలో ఉత్తర భారతదేశం మీద, విమానాలు ఎగిరే ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు ఒక గాలి నది ప్రవహిస్తుంది. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. దాని వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటవచ్చు. వర్షాకాలంలో దక్షిణాదిన ఇంకా పైయెత్తున గాలి దిశ తిరగబడి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని గురించి 1958లో లోకానికి వివరించినవాడు పి. కోటేశ్వరం అనే మన వాతావరణ శాస్త్రజ్ఞుడు.

ఒక లెక్క చేద్దాం. హైదరాబాదు నుంచి కలకత్తాకు తిన్నగా సుమారు 1,200 కిలోమీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి విమాన వేగం 800 అనుకోండి. గాలి లేకపోతే పోవడానికి 90 నిమిషాలు, రావడానికి 90 నిమిషాలు, మొత్తం 180. ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి వీస్తోంది అనుకుందాం. పోయేటప్పుడు వేగం 900, కాలం 80 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 700, కాలం 103 నిమిషాలు. మొత్తం 183. పోయేటప్పుడు మిగిలింది 10 నిమిషాలు, వచ్చేటప్పుడు పోయింది 13! గాలి ఇచ్చినదాని కంటే తీసుకున్నదే ఎక్కువ. ఎందుకు? ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి.

ఢిల్లీ విమానానికి ఈ గాలి పక్క నుంచి తగులుతుంది. పడవవాడు ఏటికి అడ్డంగా దాటేటప్పుడు పడవ ముక్కును కొంచెం ఎగువకు తిప్పి పెడతాడు చూడండి. విమానం కూడా అంతే. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఎడమ పక్క నుంచి వీస్తుంటే ముక్కును సుమారు 10 డిగ్రీలు పడమటికి తిప్పుకొని ఎగురుతుంది. చూడటానికి ఒక దిక్కు, పోవడం మరొక దిక్కు!

ఏ కాలం?

ఇప్పుడు 1,265ను 830తో భాగించండి. గంటా 31 నిమిషాలు. కాని టికెట్టు మీద చూస్తే రెండు గంటలు దాటి, 10 నుంచి 20 నిమిషాలు అదనంగా ఉంటుంది. మిగతా కాలం ఏమైంది?

విమానం నిలిచిన చోటు నుంచి కదలి రన్‌వే చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. ఆకాశంలో కూడా నిర్ణయించిన మార్గాలు ఉంటాయి. అవి కొంత వంకరగా పోతాయి. పెద్ద విమానాశ్రయాల వద్ద దిగడానికి వరుసలో ఆగాలి. దిగాక మళ్ళీ నేల మీద నడక. చక్రాల కింద దిమ్మలు తీసినది మొదలు తిరిగి దిమ్మలు పెట్టే దాకా లెక్కించే కాలమే టికెట్టు మీద ఉంటుంది.

అయినా ప్రయాణం అంతేనా? మీరు నల్లగండ్లలో ఉన్నారు. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచి పోయేవి. అది నల్లగండ్లకు తిన్నగా 17 కిలోమీటర్లే. ఇప్పుడు శంషాబాదు పోవాలి. అది తిన్నగా చూసినా 28 కిలోమీటర్లు, అదీ దక్షిణాన! ఉత్తరాన ఉన్న ఢిల్లీకి పోవడానికి మనం ముందు దక్షిణానికి పోతాం. లెక్క వేయండి: ఇంటి నుంచి శంషాబాదుకు 1 గంట, అక్కడ తనిఖీలకు 2 గంటలు, విమానం 2 గంటల 15 నిమిషాలు, దిగి సామాను తీసుకొని ఊళ్ళోకి పోవడానికి గంటన్నర. మొత్తం 6 గంటల 45 నిమిషాలు. 1,265ను దీనితో భాగిస్తే సగటు వేగం గంటకు 187 కిలోమీటర్లు మాత్రమే!

ఊరు దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. విజయవాడ శంషాబాదుకు తిన్నగా 265 కిలోమీటర్లు. విమానం ఒక గంట. కాని ముందు మూడు గంటలు, తరువాత ఒక గంట కలిపితే అయిదు గంటలు. బస్సులో పోయినా ఇంచుమించు అంతే.

నిమిషాలే ప్రాణమైనప్పుడు

మనకు ఒక గంట ఆలస్యమైతే విసుగు, అంతే. కాని అన్ని ప్రయాణాలూ అలాంటివి కావు. మరణించిన దాత శరీరం నుంచి తీసిన గుండెను మంచు పెట్టెలో పెట్టి తీసుకుపోతారు. సుమారు నాలుగు గంటల్లో దాన్ని మరొక రోగిలో అమర్చి మళ్ళీ కొట్టుకొనేలా చేయాలన్నది వైద్యులు పాటించే గడువు. ఈ గడువును పెంచే యంత్రాలు ఇటీవల వచ్చాయి. అయినా మంచు పెట్టెతోనే పోయేచోట గడువు గడువే.

నాలుగు గంటలంటే 240 నిమిషాలు. అమర్చి కుట్టడానికి ఒక గంట తీసివేయండి. మిగిలింది 180. రెండు ఊళ్ళలోనూ ఆసుపత్రికీ విమానాశ్రయానికీ మధ్య ఒక్కో గంట పడితే ఆకాశానికి మిగిలేది 60 నిమిషాలే. ఢిల్లీ నుంచి గుండె హైదరాబాదు చేరదు. పోలీసులు దారి ఖాళీ చేయించి ఒక్కో గంటను అరగంట చేస్తే, ఆకాశానికి 120 నిమిషాలు దొరుకుతాయి. ఎక్కడా ఆగకుండా ఎగిరితే ఢిల్లీ అప్పుడు అంచులో అందుతుంది. విమానం వేగం మారలేదు, దూరం మారలేదు. నేల మీది నిమిషాలు మారాయి, అంతే!

2025 జనవరి 17న మన హైదరాబాదులో ఒక గుండెను ఎల్.బి. నగర్ ఆసుపత్రి నుంచి లక్డీకాపూల్ ఆసుపత్రికి మెట్రో రైలులో తీసుకుపోయారు. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. రోడ్డు మీద రద్దీ ఉంటే ఎంత పట్టేదో మీకు తెలుసు. 830ను 60తో భాగిస్తే సుమారు 14. అంటే నేల మీద మిగిల్చిన ఒక్కొక్క నిమిషం ఆకాశంలో 14 కిలోమీటర్లతో సమానం. ఇలా ఒక ప్రయాణంలో 20 నిమిషాలు మిగిలాయనుకోండి. 280 కిలోమీటర్లు! విజయవాడ అంత దూరంలో ఉన్న మరో ఊరు కూడా ఆ రోగికి అందుబాటులోకి వస్తుంది.

కనుక రెండు ఊళ్ళ నడుమ దూరం ఎంత అని ఎవరైనా అడిగితే కిలోమీటర్లు చెప్పి ఊరుకోకండి. ఏ దారిన, ఏ గాలిలో, ఏ గుమ్మం నుంచి ఏ గుమ్మానికి అని అడిగి, అప్పుడు భాగహారం చేయండి.

మీరే చేసి చూడండి

1. విశాఖపట్నం విమానాశ్రయం: ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 43 నిమిషాలు, తూర్పు రేఖాంశం 83 డిగ్రీల 13 నిమిషాలు. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 106 కిలోమీటర్లుగా తీసుకొని శంషాబాదు నుంచి దూరం కనుక్కోండి.

2. కలకత్తా లెక్కలో గాలి వేగం 100కు బదులు 200 అయితే రానుపోను మొత్తం ఎన్ని నిమిషాలు?

3. మీ ఇంటి నుంచి బడికి తిన్నని దూరాన్ని పటం మీద కొలవండి. మీరు నిజంగా పోయే దారి పొడవు, పట్టే కాలం రాసుకోండి. తిన్నని దూరాన్ని ఆ కాలంతో భాగిస్తే మీ వేగం ఎంత?

జవాబులు: 1. సుమారు 510 కిలోమీటర్లు. 2. 192 నిమిషాలు. 3. దీని జవాబు మీ దగ్గరే ఉంది.